మా పోస్టు లాంతరుకి పోసిన నూనె

పోస్టుకి చేరేసరికి మధ్యాహ్నం రెండు. కింది క్యాంపు నుంచి నాలుగు రోజుల నడక. చివరి గంటన్నర నడక కూడా కాదు, తాడు పట్టుకుని ఎగబాకడం. ఎండ కళ్ళు పొడుస్తోంది గానీ ఒంటికి తగలడం లేదు. వీపు మీద ఇరవై కిలోలు. మా రాజోలు లంకల్లో ఎంత తల ఎత్తినా కొబ్బరిమట్టలే అడ్డం వస్తాయి. అక్కడ తల ఎత్తితే అడ్డం వచ్చేది ఏమీ లేదు. భయమేసింది. సిగ్గెందుకు, ఉన్నమాటే చెప్తున్నాను.

సరిహద్దు పోస్టంటే కోట అనుకోకండి. కొండ వెన్ను మీద రెండు ఫైబరు గుడిసెలు, పక్కన రాళ్ళు పేర్చిన చిన్న రేడియో బంకరు. ముందు వైపు లోయ అవతలివాళ్ళది, వెనక వైపు లోయ మనది. మనుషులం తొమ్మిదిమంది. నేను స్టోరు నాయక్‌ని. ఉప్పు నుంచి కిరసనాయిలు దాకా లెక్క నాది, తాళం నాది. పిసినారి అని పేరు పెట్టారు. పెట్టనీ. కిందనుంచి ఒక్క డబ్బా పైకి రావాలంటే ఒక మనిషి ప్రాణం పణంగా పెట్టి మోయాలి. దాన్ని పారబోసేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది.

పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్, హిమాలయాల పక్క పల్లెటూరివాడు. వెళ్ళగానే ఎదుట నిలబడి నా పేరూ నంబరూ హిందీలో చెప్పి, అలవాటు చొప్పున చివర "అండీ" తగిలించాను. ఆయనకి అర్థం కాలేదు. బంకరులోంచి మాత్రం ఎవరో ఫక్కున నవ్వారు.

"ఆయ్, రాజోలు సైడేనాండి తవరిది?" అంటూ ఒక తల బయటికొచ్చింది. "మాది ఉప్పలగుప్తం అండి. ఈ మంచులో అండీ అనే మాట వినేసరికి పేనం లేచొచ్చిందండి."

అతను రేడియో ఆపరేటరు. పాతికేళ్ళుంటాయేమో. ఆ రోజు నుంచి నేను అన్నయ్యగారిని. నేను పిలిచింది ఒరేయ్ అనే.

లాంతరు అతనిదే. మూరెడు ఎత్తు ఇత్తడి లాంతరు, గాలి పంపు కొట్టి వెలిగించే రకం. మనవైపు పెట్రోమాక్సు లైటంటాం. వాళ్ళది ఉప్పలగుప్తంలో లైట్లూ షామియానాలూ అద్దెకిచ్చే షాపు. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే, పన్నెండేళ్ళు పెద్దదైన అక్క షాపునీ తమ్ముణ్ణీ కలిపి పెంచింది. పెళ్ళి చేసుకోలేదు. జనరేటర్లూ రంగురంగుల బల్బులూ వచ్చాక లాంతర్లన్నీ పాత ఇత్తడి కింద అమ్మేసి, తాత కొన్నదాన్ని ఒక్కదాన్నే ఉంచుకుంది. సెలవు మీద వెళ్ళినప్పుడు వీడు దాన్ని బతిమాలి తెచ్చుకున్నాడు. మోసుకొచ్చిన రోజున కూలీలు కూడా నవ్వారట.

నేనూ నవ్వేవాణ్ణే. కానీ ఆ చలికి టార్చి బ్యాటరీ జేబులో ఉన్నా చచ్చిపోతుంది. సోలారు దీపం మీద రాత్రికి రాత్రి మంచు గడ్డ కడుతుంది. సాయంత్రం నాలుగయ్యేసరికి పొగమంచు దిగితే చాచిన చెయ్యి కనిపించదు. కింది పోస్టు నుంచి సామాను తెచ్చేవాళ్ళు తాడు వదిలి పదడుగులు పక్కకి పోతే అగాధం. అందుకని సుబేదార్ సాబ్ ఒప్పుకున్నాడు. వెనక లోయ వైపు ఒక కర్ర పాతి, అవతలివాళ్ళకి వెలుగు కనపడకుండా రేకు అడ్డం పెట్టి, మనవాళ్ళు ఎవరైనా దారిలో ఉన్న రోజున ఆ లాంతరు వేలాడదీసేవాళ్ళం. దించడం మాత్రం వీడి చేతిలోనే.

వాళ్ళ షాపుకో నియమం ఉంది. పెళ్ళి గానీ సువార్త సభ గానీ చావు గానీ, లైటు తీసుకెళ్ళినవాడు ఆఖరి మనిషి ఇల్లు చేరేదాకా దాన్ని ఆర్పకూడదు. పెద్దలు పోండ్రా అన్నా పోకూడదు. వీడు ఆ నియమాన్ని అక్కడికి కూడా మోసుకొచ్చాడు. సామాను పార్టీ పైకి రాగానే ఒక్కొక్కణ్ణీ వేలెత్తి లెక్కపెట్టేవాడు. ఆఖరివాడి బూటు గుమ్మం లోపల పడ్డాకే లాంతరు దించేవాడు.

"ఇది పెళ్ళి ఊరేగింపురా?" అనేవాణ్ణి నేను. "నూనె తగలడుతోంది, దించు."

"ఇంకొకరున్నారండి. ఆయనొచ్చేక."

వారానికోసారి శాటిలైటు ఫోను. వాడు మాట్లాడాక అక్క నాతో కూడా మాట్లాడేది. గట్టి గొంతు.

"వందనాలండీ తమ్ముడుగారూ. మావోడు తింటన్నాడాండి? లాంతరు జాగర్తండి, అది మా తాతగారిది. నూనె దొరుకుద్దాండి అక్కడ? ఇక్కడ రేసను షాపుల్లో కిరసనాయిలు ఎత్తేసేరు. బయట కొంటే బంగారమండి. మీకేంటి లెండి, మిలట్రీ. డ్రమ్ములకి డ్రమ్ములు పోత్తారు."

"ఆయ్, బంగాళాఖాతమంత ఉంది ఇక్కడ," అనేవాణ్ణి. ఇంకేం చెప్పను?

ఫిబ్రవరి నెలాఖర్లో మంచు పట్టుకుంది. పదకొండు రోజులు. హెలికాప్టరు లేదు, కూలీలు లేరు. స్టోరులో చూస్తే కిరసనాయిలు డబ్బాలు ఏడు. అక్కడ మంచు కరిగిస్తేనే నీళ్ళు, నీళ్ళుంటేనే మనిషి. సుబేదార్ సాబ్ అందరినీ పిలిచి నాలుగు మాటలు చెప్పాడు. వంటకీ నీళ్ళకీ ముందు. తర్వాత గుడిసెల్లో బుఖారీకి, అదీ రోజుకి రెండు గంటలు. బుఖారీ అంటే ఇనప పొయ్యి, ఒళ్ళు కాచుకునేది. రేడియో బంకరు పొయ్యికి దాని వంతు వేరుగా. లాంతరు బందు.

వాడి ముఖం చూడాలి.

"సాబ్, కింద పార్టీ బయల్దేరితే?"

"వేరే నూనె ఏదైనా దొరికితే వెలిగించుకో. కిరసనాయిలు ముట్టుకోకు," అన్నాడాయన.

ఆ మధ్యాహ్నం ఇద్దరం వంటగుడిసెలో కూర్చున్నాం. పోస్టులో మండేది ఏదుందో అంతా ముందేసుకున్నాం. పాడైన జనరేటరు తాలూకు పెట్రోలు అరడబ్బా ఉంది.

"ఇది పోస్తే?" అన్నాను.

"అమ్మో! పెట్రోలేత్తే ఇది లైటు కాదండి, బాంబు. మా నాన్న చెయ్యి ఓ పెళ్ళిలో ఇలాగే కాలిపోయిందండి. తర్వాత మరి చేతి ఏళ్ళు ముడుచుకోలేదు."

ఎప్పుడో ఎవరో మోసుకొచ్చిన డీజిలు డబ్బా ఒకటుంది. మనవైపు రొయ్యల చెరువు కాపలావాళ్ళు బుడ్డిలో డీజిలు పోస్తారు కదా, పనికొస్తుందన్నాను. మూత తీస్తే పేరిన నెయ్యిలా ఉంది. పొయ్యి దగ్గర పెట్టి కరిగించి పోశాం. నల్లటి పొగ. రెండు నిమిషాల్లో నూనె చిమ్మే నాజిల్ పూడుకుపోయింది. వాడు దాన్ని సూదితో పొడిచి పొడిచి మళ్ళీ దారికి తెచ్చేసరికి వేళ్ళు నీలం తిరిగాయి. వంటవాడు ఆవనూనె ఇచ్చాడు. అది ఆవిరి కానే కాదు, పంపు ఎంత కొట్టినా పైన వెలిగే గుడ్డ తిత్తి, ఆ మాంటిలు మీదికి రాదు. వాడి అక్క తలకని పంపిన కొబ్బరినూనె సీసా తీశాను. రాయి. కత్తితో కొడితే టంగుమంది. ఇద్దరం పడి పడి నవ్వాం. కొబ్బరి చెట్టు కింద పుట్టి, కొబ్బరినూనెతో మేకు కొట్టుకోవచ్చని ఆ రోజే తెలిసింది.

నర్సింగ్ అసిస్టెంటు దగ్గర స్పిరిట్ ఉంది. అది లాంతరు వేడెక్కించడానికి చెంచాడు చాలు గానీ, వెలగడానికి కాదు. పైగా అది మందుల సామాను.

"కిరసనాయిలు తప్ప దిక్కు లేదురా," అన్నాను.

"ఆయ్," అన్నాడు. కాసేపు లాంతరు తుడిచాడు. "నా వంతు ఉంది కదండి."

"నీ వంతు నీ పొయ్యిది."

"రేడియో నడుత్తుంటే దాని వేడి నాకు చాలండి. రెండు రగ్గులున్నాయి. అంతకంటే చౌకగా వచ్చే నూనె ఎక్కడుందండి అన్నయ్యగారూ? ఎవరి వంతూ తగ్గదు."

తిట్టాను. నోటికొచ్చినట్టు తిట్టాను. సుబేదార్ సాబ్‌కి చెప్పాను. ఆయన పిలిచి గట్టిగా చీవాట్లు పెట్టాడు. అటెన్షన్‌లో నిలబడి సరే సాబ్ అన్నాడు. మర్నాడు కింది పోస్టు నుంచి నలుగురు మందులూ పిండీ తీసుకుని బయల్దేరారని రేడియోలో విన్నది వాడే. మూడున్నరకి పొగమంచు దిగింది. నాలుగింటికి కర్ర మీద లాంతరు వెలుగుతోంది. సుబేదార్ సాబ్ చూశాడు. దారిలో నలుగురున్నప్పుడు ఏమనగలడు?

ఆ నలుగురూ ఆరింటికి చేరారు. ముందున్నవాడు గుమ్మంలో కూలబడి, "అది లేకపోతే తాడు దొరికేది కాదు," అన్నాడు. మావాడు గుమ్మంలో నిలబడి వేలు చూపిస్తూ లెక్కపెట్టుకున్నాడు. తర్వాత లాంతరు దించాడు.

ఆ తర్వాత నెల రోజుల్లో అలా ఎన్నిసార్లు వెలిగించాడో నేను లెక్క రాయలేదు. సుబేదార్ సాబ్ రాత్రిళ్ళు పెద్ద గుడిసెలో పడుకోమని ఆర్డరేశాడు. రేడియో వదిలి రాకూడదు కదా సాబ్ అనేవాడు, అదీ నిజమే. నేను నా రగ్గు ఒకటి తీసుకెళ్ళి కప్పితే, పొద్దున్నకి అది కాళ్ళ దగ్గర ముద్దగా పడి ఉండేది. మధ్యలో సరుకు కొంచెం వచ్చింది గానీ గండం గడవలేదు, కోత అలాగే ఉండిపోయింది.

ఏప్రిల్లో దగ్గు మొదలైంది. పొడి దగ్గు. రెండో రోజు సాయంత్రానికి మెట్టు ఎక్కితే ఆయాసం. మూడో రోజు పొద్దున్న రేడియోలో వాడి మాట మధ్యలో తెగిపోతుంటే కింది పోస్టువాళ్ళే అడిగారు, ఎవరు మాట్లాడుతున్నారని. నర్సింగ్ అసిస్టెంటు వీపు మీద చెవి ఆనించి విని లేచాడు.

"ఊపిరితిత్తుల్లో నీరు. వెంటనే కిందికి దించాలి."

దించడానికి దారేదీ? వాలు మీద మంచు కొత్తగా పడి కదులుతోంది. మనిషిని స్ట్రెచరు మీద మోస్తే మోసేవాళ్ళతో సహా పోతారు. పోస్టులో ఆక్సిజన్ సిలిండరు ఒకటే. రేడియో దగ్గర నేను కూర్చున్నాను.

"హెలికాప్టరు కావాలి. ఓవర్."

"ఆకాశం మూసుకుపోయింది. ఇవాళ రాదు. ఓవర్."

"మనిషి ఆగడు. ఓవర్."

కాసేపు గరగర. తర్వాత కింది పోస్టు కమాండరు గొంతు. "ఆరుగురు బయల్దేరుతున్నారు. రెండు సిలిండర్లు, గాలిసంచి. కొండ వెన్ను దారిన తాడు పట్టుకుని ఒక్కొక్కరుగా వస్తారు. వెలుగు పెట్టండి. అవుట్."

గాలిసంచి అంటే మనిషి పట్టేంత సంచి. రోగిని లోపల పెట్టి మూసి పంపు కొడితే, లోపల గాలి కింద లోయలో ఉన్నట్టు చిక్కబడుతుంది. అది వస్తే బతుకుతాడు. నర్సింగ్ అసిస్టెంటు అన్న మాట అది. వస్తే.

సుబేదార్ సాబ్ నా వైపు తిరిగాడు. "లాంతరులో నీళ్ళ వంతు కిరసనాయిలు పొయ్. నిండా పొయ్." అప్పటికి వాణ్ణి పెద్ద గుడిసెలోకి తెచ్చి బుఖారీ పక్కన కూర్చోబెట్టాం. పడుకుంటే ఊపిరాడడం లేదు. బుఖారీ ఆర్పొద్దని కూడా ఆయనే చెప్పాడు. ఆ రోజు ఎవరి వంతనీ చూసుకోలేదు.

నాకు లాంతరు వెలిగించడం రాదు. తాళాలు వేయడమే వచ్చు. వాడి ముందే కూర్చున్నాను. మాట మాటకీ ఆగి చెప్పాడు.

"ముందు స్పిరిట్టండి... కాలనివ్వండి, తొందరపడకండి... ఇప్పుడు పంపు. అంత కొట్టకండి, మాంటిలు చిరుగుద్ది. ఆయ్... అదండి."

తెల్లటి వెలుగు గుడిసంతా పరుచుకుంది. ఆ వెలుగులో వాడి పెదాలు నేరేడుపండు రంగులో కనిపించాయి. నేను గబగబా లాంతరు బయటికి తీసుకుపోయాను.

మూడు గంటలకి వేలాడదీశాను. పక్కనే నిలబడ్డాను. పావుగంటకోసారి పంపు కొట్టాలి. గాలి గంటకి అరవై కిలోమీటర్లని రేడియోలో చెప్పారు. రేకు ఊగిపోతుంటే వీపు ఆనించాను. నాలుగున్నరకి కిందినుంచి ఈల వినపడింది. అరిచాను. మళ్ళీ ఈల. కనపడటం లేదు. నేను ప్రార్థన చేసేవాణ్ణి కాదు. ఆ రోజు మాత్రం మా అమ్మ మొక్కే దేవుళ్ళనీ, వాడి యేసయ్యనీ, అందరినీ పిలిచాను. ఐదూ పదికి మొదటివాడి టోపీ కనపడింది.

ఆరుగురూ వచ్చారు. రెండు సిలిండర్లు, సంచి. ఒకడి చేతి తొడుగు పోయింది, వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నేను లోపలికి పరిగెత్తాను. నర్సింగ్ అసిస్టెంటు అప్పటికే సంచి పరుస్తున్నాడు. మావాడు ఆక్సిజన్ మాస్కు పక్కకి జరిపాడు.

"ఎంతమందండి?"

"ఆరుగురు. మాట్లాడకు."

"అందరూ వచ్చేరాండి?"

"వచ్చార్రా. అందరూ వచ్చారు."

"అయితే ఆర్పేయండి అన్నయ్యగారూ. నూనె దండగ."

సంచిలో పడుకోబెట్టి జిప్పు వేశాం. దానికి చేతెడు కిటికీ ఉంటుంది. వంతులేసుకుని పంపు తొక్కాం. తొమ్మిదింటికి కాస్త తేరుకున్నాడనిపించింది, కళ్ళు తెరిచాడు. నాకు ఆశ పుట్టింది. ఏం చేయను, పుట్టింది. తెల్లవారుజామున ఐదింటికి నర్సింగ్ అసిస్టెంటు చెయ్యెత్తి పంపు ఆపమన్నాడు. తొక్కుతున్నది నేనే. నేను ఆపలేదు. సుబేదార్ సాబ్ వచ్చి నా భుజాలు పట్టుకుని లాగాడు.

ఎనిమిదింటికి ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. తొమ్మిదింటికి హెలికాప్టరు వచ్చింది. ఆ ఆకాశాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

కింద ఆసుపత్రిలో డాక్టరుని అడిగాను, పొయ్యి లేకుండా పడుకోవడం వల్లేనా అని. అంత ఎత్తులో ఎవరికైనా వస్తుంది, చలి దాన్ని పెంచుతుంది, ఇదే కారణమని ఎవరూ చెప్పలేరు అన్నాడు. మంచి మనిషి. నన్ను చూసి అలా అన్నాడో, నిజంగానే అంతేనో తెలియదు.

పెట్టెతో పాటు నన్నే పంపారు, ఆ పక్కవాణ్ణని. రాజమండ్రిలో విమానం దిగాం. రావులపాలెం దాటాక కాలవ గట్టు మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. మిలట్రీ లారీ వెనక మోటారు సైకిళ్ళు బారులు తీరాయి. ఉప్పలగుప్తంలో ఇంటి ముందు షామియానా వేసి ఉంది. వాళ్ళ సొంత షాపుదే. కుర్చీలు వాడి అక్కే దగ్గరుండి వేయించిందట. లారీ ఆగగానే ఎదురొచ్చింది. గట్టి గొంతు మనిషి కదా, ఏడుపు ఊరంతా వినపడుతుందనుకున్నాను. ఏడవలేదు. నా చేతిలో లాంతరు చూసి, తీసుకుని, లోపల పెట్టి వచ్చింది.

ఆ లాంతరు ఇప్పుడు షాపులో గోడకుంది. అద్దెకివ్వదు. సమాధుల పండుగకి ఏడాదికోసారి వెలిగించి తమ్ముడి దగ్గర పెడుతుంది. నూనె నేను పట్టుకెళ్తాను. రేషను కిరసనాయిలు ఎలాగూ లేదు. ఒక ఏడాది పెయింట్లలో కలిపే టర్పెంటైను పోసి చూశాం, కళ్ళు మండాయి. ఇంకో ఏడు ఎవరో డీజిలు కలపమన్నారు, నేను ఆ మనిషి మీద కేకలేశాను. ఇప్పుడు అమలాపురంలో తెలిసినాయన దగ్గర సీసాల్లో మంచి కిరసనాయిలు ఎంత చెప్తే అంతకి కొంటాను. పిసినారి నాయక్ బేరం ఆడడం లేదని మా ఆవిడ దెప్పుతుంది. ఆడను.

ఆ రోజు సంగతి చెప్పి ముగిస్తాను. షామియానా కింద అందరూ విసనకర్రలతో, పేపర్లతో విసురుకుంటున్నారు. నా యూనిఫారం వీపుకి అంటుకుపోయింది. పాస్టరుగారు వాక్యం చదువుతున్నారు. ఆవిడ నా పక్కకి వచ్చి నిలబడింది.

"తమ్ముడుగారూ, ఒక్క మాటండి. మావోడికి చలేసిందాండి?"

నేను దారి పొడుగునా ఎన్నో జవాబులు సిద్ధం చేసుకున్నాను. దీనికి చేసుకోలేదు.

"లేదండి అక్కయ్యగారూ. పొయ్యి పక్కనే ఉన్నాడండి."

"ఆయ్," అంది. నా ముఖంలోకి చూసింది. తర్వాత ఇంట్లోకి వెళ్ళింది.

వచ్చేటప్పుడు చేతుల్లో బొంత. పాత చీరలు మడతలేసి కుట్టిన మందపాటి బొంత. తెచ్చి పెట్టె మీద కప్పబోయింది. మా ఆఫీసరు అడ్డం వచ్చాడు, జెండా మీద ఏమీ వేయకూడదమ్మా అని. ఆవిడ వాదించలేదు. బొంత చంకన పెట్టుకుని సమాధుల దొడ్డి దాకా ఎండలో నడిచింది. తుపాకులు పేలాయి. జెండా తీసి మడిచి ఆవిడ చేతికిచ్చారు. దాన్ని పక్కామె చేతిలో పెట్టి, పెట్టె దించబోతున్నవాళ్ళని ఆగమంది. బొంత విప్పి పెట్టె మీద పరిచింది. నాలుగు వైపులా కిందికి దోపింది. కాళ్ళ వైపు దోపింది, చూసుకుంది, మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకాస్త గట్టిగా దోపింది. తాడు పట్టుకున్నవాళ్ళు చెమటలు కక్కుతూ నిలబడ్డారు.

"ఏమనుకోకండి," అంది వాళ్ళతో. "నిద్దట్లో కాళ్ళతో తన్నేత్తాడండి."